ఎండాకాలం గడ్డిలో పూలు: మీ మూడో ఫొటో సంగతి

విశాఖపట్నం మధురవాడకు కొత్తగా వచ్చిన మీరు అడిగింది ఇది. ఏప్రిల్ నెలంతా ప్రతి ఆదివారం ఎనిమిదేళ్ల పాపను వెంటబెట్టుకుని రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బల వైపు వెళ్తున్నారు. ఎక్కడ చూసినా ఎండిన గడ్డే. ఈ నేలకు చెందిన అడవి పూలు ఎండాకాలంలో అసలు పూస్తాయా, పూస్తే గుర్తుపట్టడం ఎలా అన్నారు. మూడు ఫొటోలు పెట్టారు. మొదటిది ఇసుకలో గులాబీ రంగు పూలు. రెండోది కొండ దారి పక్కన పసుపు, నారింజ కలిసిన గుత్తులు. మూడోది ఆకు అన్నదే లేని ఒక పుల్ల, దాని కింద "అంతటా ఇవే" అని రాశారు.

పూస్తాయండీ. మీరు ఎంచుకున్న చోట్లు మంచివే, వెళ్తున్న వేళే కుదరలేదు. ఫొటోల్లో నీడలు మొక్కల మొదట్లోకి వచ్చేశాయి, అంటే పదకొండు దాటింది. అప్పటికి మన తీరపు గడ్డిలో సగం పూలు దుకాణం కట్టేసి ఉంటాయి. మూడో ఫొటో గురించి చివర్లో చెప్తాను. దాన్ని మాత్రం డిలీట్ చేయకండి.

ఇంటర్ పిల్లలకు బోటనీ చెప్పి రిటైరయ్యాను. వేసవి సెలవుల్లో పిల్లల్ని భీమిలి రోడ్డు వెంట తిప్పడం ఉద్యోగంలో ఉన్నప్పుడు మొదలైంది, ఇప్పటికీ మానలేదు. ఇన్నేళ్లలో నాకు తెలిసిందేమిటంటే, ఎండాకాలంలో పువ్వు దొరకడానికి మొదట కావాల్సింది గడియారం. చోటు ఆ తర్వాత.

విష్ణుక్రాంతనే తీసుకోండి. నేలకు అంటుకుని పాకే చిన్న మొక్క. ఆకు మీద పట్టులాంటి నూగు ఉంటుంది, అందుకే దూరానికి బూడిద రంగులో కనిపించి ఎండిన గడ్డిలో కలిసిపోతుంది. పొద్దు పొడిచిన కాసేపటికి పువ్వు విచ్చుకుంటుంది. చొక్కా గుండీ కంటే చిన్నది, రంగు మాత్రం ఆకాశం ముక్క. మధ్యాహ్నానికి ముడుచుకుపోతుంది. ముడుచుకున్నాక దాని మీద కాలు వేసి నడిచినా తెలియదు. ఎండకు వాడినా, మధ్యలో ఒక జల్లు పడితే మళ్లీ తేరుకుంటుంది. నర్సరీల్లో అదే నీలంతో కాస్త పెద్ద పూల మొక్కను కుండీల్లో అమ్ముతారు. అది దీనికి దక్షిణ అమెరికా చుట్టం, అది వేరు, మనది వేరు.

బాలబంద తీగదీ అంతే. రుషికొండ దాటాక, కెరటం అందని ఇసుక మీద తాడు పరిచినట్టు పాకే తీగ అదే. ఆకు కొస రెండుగా చీలి అచ్చం మేక గిట్టలా ఉంటుంది, దాని శాస్త్రీయ నామంలోనూ మేక పాదం అనే అర్థమే. తెల్లవారుజామున వెళ్తే ఊదా గులాబీ రంగు గరాటాలు నిండుగా తెరుచుకుని ఉంటాయి. మీరు వెళ్లే వేళకు అవి తడిపిన కాగితంలా ముడతలు పడి ఉంటాయి. ఆ తీగ కణుపు కణుపుకీ వేరు దింపుకుని గాలికి ఇసుక కొట్టుకుపోకుండా పట్టి ఉంచుతుంది. పక్కనే గుండ్రటి ముళ్ల బంతులు దొర్లుతుంటే అవి రావణాసురుని మీసాలు అనే గడ్డివి. గింజలు మోస్తూ గాలితో పాటు ఇసుక మీద పరుగెడతాయి. పాపకు అవి బాగా నచ్చుతాయి, కానీ చేత్తో పట్టుకోనివ్వకండి, గట్టిగా గుచ్చుకుంటాయి.

కాబట్టి ఉదయం ఆరింటికల్లా అక్కడ ఉండండి, ఎనిమిదిన్నరకు తిరిగి వచ్చేయండి. లేదంటే సాయంత్రం అయిదున్నర తర్వాత. ఎండ పూట పువ్వు ముడుచుకోవడం మొక్కకు లాభమే. రేకులు తెరిచి ఉంచితే నీరు ఆవిరైపోతుంది, ఆ ఎండలో వచ్చే పురుగులూ తక్కువే.

రెండో సంగతి, నడుస్తూ వెతకకండి. తువ్వాలు పరిచినంత చోటు ఎంచుకుని దాని ముందు గొంతుకు కూర్చోండి. పది నిమిషాలు అక్కడి నుంచి కదలకండి. నేను పిల్లలతో ఇదే చేయిస్తాను. మొదటి రెండు నిమిషాలు "ఏం లేదు మేడమ్" అంటారు. అయిదో నిమిషానికి ఒకరు వెంపలి చూస్తారు, ఎనిమిదో నిమిషానికి ఇంకొకరు పల్లేరు పువ్వు చూస్తారు. పెద్దవాళ్ల కంటే పిల్లల కళ్లు నేలకు దగ్గరగా ఉంటాయి కదా, మీ పాపే మీకంటే ముందు కనిపెడుతుంది.

ఇప్పుడు మీ మొదటి రెండు ఫొటోలు. గులాబీ రంగువి బిళ్ళగన్నేరు, గుత్తులు లంటానా. రెండూ ఈ నేలవి కావు. బిళ్ళగన్నేరు సొంతూరు మడగాస్కర్. క్యాన్సర్‌కు వాడే విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ మందులు దాని నుంచే వచ్చాయి కాబట్టి దాని మీద నాకు గౌరవమే. కానీ అది తోటల్లోంచి ఇసుకలోకి పారి వచ్చి స్థిరపడింది. మొదట్లో కొన్నేళ్లు నేను కూడా దాన్ని ఈ తీరపు మొక్క అనే పిల్లలకు చూపించాను. తప్పని తెలిశాక ఆ బ్యాచ్ పిల్లల్లో దొరికిన వాళ్లందరికీ ఫోన్ చేసి మరీ చెప్పాను. ఇక లంటానా అమెరికా ఖండపు మొక్క, దానితో వచ్చిన చిక్కు పెద్దది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తర్వాత, మా వైపు కొండవాలులో చెట్లు కూలి వెలుతురు పడిన ఒక చోటును ఏడాది పాటు చూస్తూ వచ్చాను. అన్నిటికంటే ముందు ఆ జాగా ఆక్రమించింది లంటానాయే. దాని పొద కింద మరో మొలక లేవడం కష్టం.

అందంగా, దండిగా, రోడ్డు పక్కనే, నడి మధ్యాహ్నం కూడా కనిపించే పువ్వైతే ముందు అనుమానించండి. ఎండల్లో దారి పక్కన పసుపు పూలతో, తెల్ల చారల ముళ్ల ఆకులతో కనిపించేది మెక్సికో నుంచి వచ్చిన బ్రహ్మదండి. దాని గింజలు ఆవాల్లో కలిస్తే ఆ నూనె తిన్నవాళ్లకు ఒళ్లు నీరు పడుతుంది. గడ్డి చామంతి అమెరికాదే. వయ్యారిభామ, లొట్టపీసు, నాగజెముడు కూడా ఆ ఖండాల నుంచే. ఒక్కోసారి పేరే ఆనవాలు పట్టిస్తుంది. సీమచింత, సర్కారు తుమ్మ అన్నప్పుడు మన పెద్దలు అవి బయటి నుంచి వచ్చినవని పేరులోనే చెప్పేశారు. గడ్డి చామంతి, బిళ్ళగన్నేరు లాంటివీ చూడండి, మనకు ముందే తెలిసిన పువ్వు పేరుకు ఒక ముక్క తగిలించి పిలిచారు. ఇది ప్రతిసారీ పనిచేసే సూత్రం కాదు, అడవి ఉల్లి, ఏనుగు పల్లేరు మనవే. కానీ ఒకసారి ఆగి ఆలోచించడానికి పనికొస్తుంది.

మనవి గుర్తుపట్టడంలో నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పింది మేకలు. తొట్లకొండ కింద మేకలు కాసే ఆయన ఒకసారి నన్ను అడిగాడు, "ఏటమ్మా ఎతుకుతున్నారు?" అని. పూలు అన్నాను. "మేక ముట్టనిదే మిగులుద్ది ఈ ఎండల్లో, అది చూడండి" అన్నాడు. ఆ మాట మీద ఆ వేసవంతా తిరిగాను. నిజమే. జిల్లేడు మిగిలింది. దుష్టపు తీగ మిగిలింది. వెర్రిపాల మిగిలింది, దాని ఇంకో పేరే మేకమేయని ఆకు. మూడూ ఒకే కుటుంబానివి, తుంచితే పాలు కారతాయి. ఆ పాలు కంట్లో పడకుండా చూసుకోండి, ముఖ్యంగా జిల్లేడు పాలు.

జిల్లేడును మనం రథసప్తమి నాడు తప్ప పట్టించుకోం. ఒక ఉదయం దాని దగ్గర నిలబడి చూడండి. అయిదు రేకులు వెనక్కి వాలి, మధ్యలో కిరీటం లాంటిది లేచి ఉంటుంది. దాని మీద నల్లటి పెద్ద తుమ్మెద వాలుతుంది. కాలు జారి ఆ కిరీటం పక్కనున్న సన్నటి సందులో ఇరుక్కుంటుంది. బలంగా లాక్కుంటే కాలితో పాటు పసుపు రంగు పుప్పొడి తిత్తులు జంటగా ఊడి వస్తాయి. వాటిని మోసుకుని ఇంకో పువ్వు మీదికి వెళ్తుంది. చిన్న ఈగకు ఆ బలం చాలదు. ఆకుల అడుగున పసుపు, నలుపు చారల గొంగళిపురుగు ఉందేమో కూడా చూడండి. నారింజ రంగు సీతాకోకచిలుక ఒకటి జిల్లేడు ఆకుల మీద గుడ్లు పెడుతుంది.

వెంపలి గురించి ఆగి చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎనిమిదేళ్ల పాప కూడా తప్పు లేకుండా గుర్తుపట్టగలదు. గట్టి నేలలో, కాలిబాట అంచున మోకాలి ఎత్తు కూడా లేని పొద. చిన్న చిన్న ఆకులు కాడకు రెండు వైపులా వరుసగా ఉంటాయి. పువ్వు చిక్కుడు పువ్వు ఆకారంలో, ఊదా గులాబీ రంగులో ఉంటుంది. ఒక్క చిట్టి ఆకు తుంచి, కొసను వేళ్లతో పట్టుకుని నెమ్మదిగా లాగండి. అడ్డంగా తెగదు. ఈనెల వెంట వాలుగా చీలి, బాణానికి వెనక కట్టిన ఈకలా కోణంగా వస్తుంది. సంస్కృతంలో దీన్ని శరపుంఖ అనడం అందుకే, పుంఖం అంటే బాణం వెనక భాగం. పేరు పెట్టినవాళ్లు ఎవరో ఆకును ఇలాగే లాగి చూసి ఉంటారు. దీని వేరు లోతుకు దిగుతుంది, అందుకే రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలో కూడా పచ్చగా నిలబడుతుంది.

పల్లేరు కాయ గుచ్చుకోని తెలుగువాళ్లు ఉండరు. పువ్వు చూసినవాళ్లు తక్కువ. అయిదు లేత పసుపు రేకులు, నేల మీద. ఆకులు ఎదురెదురుగా ఉన్నా ఒక జతలో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఏనుగు పల్లేరు దీనికి చుట్టం కాదు, నువ్వుల కుటుంబానిది, కాయకు నాలుగు వైపులా ముళ్లుంటాయి. భీమిలి దగ్గర ఇసుక నేలల్లో దొరుకుతుంది. దాని కొమ్మను సీసాలో నీళ్లలో వేసి కలిపితే నీళ్లు కొంచెం సేపట్లో చిక్కగా, జారుడుగా, గుడ్డు తెల్లసొనలా అయిపోతాయి. ఒకే ఒక్క చిన్న కొమ్మతో పాపకు చేసి చూపించండి, నీళ్లు మాత్రం తాగనివ్వకండి.

పొదల సంగతి క్లుప్తంగా చెప్తాను, వాటిని ముక్కే పట్టిస్తుంది. తొట్లకొండ, బావికొండ, కంబాలకొండ వాలుల్లో మార్చి నుంచి మే దాకా మల్లె వాసన వస్తే ఆగండి. తెల్ల పువ్వు, పొదకు ముళ్లు ఉన్నాయా? ఒక ఆకు తుంచండి. పాలు వస్తే కలివి, రాకపోతే అడవి మల్లె జాతి చూసుకోవాలి. వానల్లో మనం తినే నల్లటి కలివి పళ్లు ఈ పూలవే. గుత్తులు గుత్తులుగా నాలుగు రేకుల తెల్ల పూలతో చిన్న చెట్టు ఉంటే అది కొరివి. దాని కొమ్మను కాగడాగా వెలిగించేవారు కాబట్టి ఆ పేరు. కొక్కెం ముళ్లతో పొదల మీదికి ఎగబాకే తీగకు పొడుగాటి కేసరాలతో పూలుండి, ఒకే కొమ్మ మీద కొన్ని తెల్లగా, కొన్ని గులాబీగా ఉంటే ఆరుదొండ, విచ్చుకున్నప్పుడు తెలుపు, వాడే కొద్దీ రంగు ఎక్కుతుంది. బలుసు పువ్వు మరీ చిన్నది, ఆకుపచ్చ కలిసిన పసుపు, వెతికితే తప్ప కనబడదు. బతికుంటే బలుసాకు తినొచ్చు అంటాం గానీ ఆ బలుసును చూపించమంటే మా క్లాసులో ఎవరికీ తెలిసేది కాదు.

ఈ తెలుగు పేర్లు నేర్చుకోవడం ముఖ్యమని ఎందుకంటున్నానంటే, ఈ మొక్కలను మొదట శాస్త్రపద్ధతిలో రాసినవాళ్లు కూడా ఈ పేర్లనే పట్టుకున్నారు. 1780ల్లో సామర్లకోటలో ఉండి పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ మొక్కల వర్ణనల పక్కన ఇక్కడివాళ్లు పిలిచే తెలుగు పేరును కూడా నమోదు చేశాడు. మన సోమిద చెట్టుకు సోయ్‌మిడా అనే శాస్త్రీయ నామం ఆ మాట నుంచే వచ్చింది. ఫోన్‌లో యాప్ ఉంటే వాడండి, తప్పులేదు. కానీ గడ్డిలో చిన్న పూల దగ్గర యాప్ తరచూ తడబడుతుంది. పువ్వు ముందు భాగం ఒక్కటే కాకుండా వెనక భాగం, ఆకు, కాయ, మొక్క మొత్తం నాలుగు ఫొటోలు తీయండి, పక్కన రూపాయి బిళ్ల పెట్టండి. తీసిన టైమ్ రాసుకోండి. మేకలు కాసేవాళ్లను, జాలరిపేటల్లో పెద్దవాళ్లను పేరు అడగండి.

జాగ్రత్తలు రెండే. నీళ్లు, టోపీ లేకుండా వెళ్లొద్దు, ఉదయం ఏడున్నరకే ఎండ చురుక్కుమంటుంది. రెండోది పాములు. బూట్లు వేసుకోండి, గొంతుకు కూర్చునే ముందు కర్రతో గడ్డి కదిపి చూడండి. రక్తపింజరకు ఇంగ్లీషు పేరు ప్యాట్రిక్ రస్సెల్ మీద వచ్చింది, ఆయన 18వ శతాబ్దం చివర్లో ఈ విశాఖపట్నంలోనే ఉండి మన పాముల్ని, మొక్కల్ని పరిశీలించాడు. ఆ పాము ఇప్పటికీ ఇక్కడి గడ్డిలో ఉంది. ఎర్రమట్టి దిబ్బల్లో గట్ల అంచుల మీద నడవకండి, వేళ్లు పట్టి ఉంచిన మట్టి కాలు పెడితే విరిగిపోతుంది.

ఇంకొక్క మాట, బాధతోనే చెప్తున్నాను. మా ఇంటికి దగ్గర్లో విష్ణుక్రాంత పూసే ఒక ఎకరం గడ్డి నేల ఉండేది. అందరూ దాన్ని ఖాళీ స్థలం అనేవారు. పచ్చదనం పేరుతో మట్టి తోలి, లాన్ గడ్డి పరిచి, బిళ్ళగన్నేరు నాటారు. మంచి మనసుతోనే చేశారు. అంతకు ముందు అక్కడ ఏమేం ఉండేవో రాసి ఉంచినవాళ్లు లేరు, నాతో సహా. అందుకే మీరు, పాప కలిసి ఒక నోట్‌బుక్ పెట్టండి. ఒకే చోటుకు పదే పదే వెళ్లండి. పది చోట్లకు ఒక్కోసారి వెళ్లడం కంటే అదే మేలు.

ఇక మూడో ఫొటో. మీరు ఎండు పుల్ల అనుకున్నది నక్కవుల్లి, అడవి ఉల్లి అని కూడా అంటారు. ఈ నేల సొంత పువ్వు, అదీ నడి వేసవిలో పూసేది. ఫొటోను పెద్దది చేసి చూడండి. ఎండు పుల్లకు ఉండే గరుకు లేదు, కాడ నున్నగా, గుండ్రంగా ఉంది. మొదట్లో ఆకు లేదు, కొమ్మ లేదు, నేలలోంచి నేరుగా లేచింది. పై సగంలో ఎడం ఎడంగా సన్నటి తొడిమెలకు ఏవో వేలాడుతున్నాయి చూశారా, కిందివి వాడిన పూలు, పైవి మొగ్గలు. ఆకులు వేయకుండానే, నేలలో గడ్డలో దాచుకున్న నీటితో, ఆహారంతో పూస్తుంది. ఆకులు వాన పడ్డాకే. పువ్వు సాయంత్రం పొద్దు వాలాక తెరుచుకుంటుంది, గంటలా కిందికి వంగి ఉంటుంది. మట్టి తెలుపు రంగు, ఒక్కో రేకు నడుమ పచ్చటి గీత. మొగ్గలు మిగిలి ఉన్నాయి కాబట్టి ఈ వారంలోనే వెళ్లండి, ఆరున్నరకు దాని పక్కన కూర్చోండి, టార్చి పట్టుకెళ్లండి.

గడ్డను మాత్రం తవ్వొద్దు. ఉల్లిపాయలా ఉంటుంది గానీ ఉల్లి వాసన రాదు, గుండె మీద పనిచేసే విషం అందులో ఉంది. కాడ పక్కన మూడు రాళ్లు గుర్తుగా పేర్చి రండి. కాడ ఎండి పడిపోయే ముందు చిన్న కాయలు పగిలి నల్లటి పలుచటి గింజలు రాలతాయి. మృగశిర దాటి నాలుగు వానలు పడ్డాక అదే చోటికి వెళ్లి, రాళ్ల మధ్య ఆకులు ఎన్ని లేచాయో పాపతో లెక్కపెట్టించండి. ఆ ఫొటో కూడా పంపండి.